గాలికీ ఒక ఇల్లు

ఇంగ్లండ్ వాయవ్య తీరాన వైట్‌హేవెన్‌లో సముద్రపు ఒడ్డున ఒక మొండి కట్టడం ఉంది. దూరం నుంచి పాత కోటలా కనిపిస్తుంది. నిజానికి అది డ్యూక్ పిట్ అనే బొగ్గు గని ఫ్యాన్ హౌస్. 1870లో అందులో 36 అడుగుల వ్యాసమున్న గ్విబాల్ ఫ్యాన్ బిగించారు. ఫ్యాన్ ఎప్పుడో పోయింది. గోడలను మాత్రం చారిత్రక కట్టడంగా కాపాడుతున్నారు.

బొగ్గు తవ్వనిదీ, మోయనిదీ అయిన ఆ ఇంటికి అంత మర్యాద ఎందుకు?

వైట్‌హేవెన్ గనులు సముద్రం అడుగుకు పాకినవి. లోపల మీథేన్ భయం. ఫ్యాన్లు రాకముందు గనుల్లో బావి అడుగున పెద్ద పొయ్యి మండించేవారు. వేడెక్కిన గాలి పైకి లేస్తూ లోపలి చెడుగాలిని లాక్కుపోయేది. మండే వాయువున్న చోట మంటనే నమ్ముకున్నారన్నమాట! ఆవిరితో తిరిగే ఫ్యాను ఆ అవసరం తప్పించింది. ఆ ఫ్యాను రూపకర్త గ్విబాల్ దాని చుట్టూ గోడ కట్టి, పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే చిమ్నీ పెట్టాడు. బయటికి పోయే గాలి అందులో నెమ్మదించి, దాని వేగం వృథా కాకుండా ఫ్యానుకే తోడయ్యేది. కాబట్టి ఆ గోడలు యంత్రం మీద కప్పిన గూడు కాదు, యంత్రంలో సగం.

ఫ్యాను ఉన్నంత మాత్రాన ప్రాణాలకు పూచీ లేదు. అదే ఊళ్లో 1910 మేలో వెల్లింగ్టన్ పిట్ పేలి 136 మంది చనిపోయారు. కాపాడటానికి దిగినవాళ్లు మంటలు దాటలేకపోవడంతో, లోపల ఎవరూ బతికి ఉండరని తేల్చుకుని, గాలి అందకుండా దారి మూసేశారు. పేలుడు తర్వాత కొందరు గంటల తరబడి బతికే ఉన్నారని వాళ్లు సుద్దతో రాసిన మాటలు తర్వాత బయటపెట్టాయి.

మన దగ్గర సింగరేణిలోనూ 1889 నుంచి బొగ్గు తీస్తున్నాం. ఇప్పుడు భూగర్భ గనులు, అంటే బాయిలు, తగ్గి, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులు పెరిగాయి. ఓపెన్‌కాస్టుకు ఫ్యాన్ హౌస్‌తో పని లేదు. బాయిలు మూతపడితే గనికి గాలి అందించే ఆ విద్య కూడా కళ్లముందు నుంచి పోతుంది. కూడలిలో బొగ్గు టబ్బు పెట్టి దండ వేస్తే సరిపోదు. మూసే బాయిల్లో ఒక్కదాని ఫ్యాన్ హౌస్‌నైనా ఫ్యానుతో, గాలి వచ్చే సొరంగంతో సహా నిలపాలి. దాన్ని నడిపిన కార్మికులతోనే పిల్లలకు చెప్పించాలి. ఎన్ని టన్నులు తీశామో కంపెనీ లెక్కలు చెబుతాయి. తీసినవాళ్లకు ఊపిరి ఎలా అందిందో చెప్పేది ఆ ఇల్లే. స్క్రాపు టెండరు పిలవకముందే ఈ నిర్ణయం జరగాలి.