బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు: ఇంటి తాళాల గుత్తి ఎవరి చేతిలో ఉంది?

‘1,600 కోట్ల పాస్‌వర్డ్‌లు లీక్’ అని 2025 జూన్‌లో వచ్చిన వార్త గుర్తుండే ఉంటుంది. గూగుల్, ఫేస్‌బుక్, ఆపిల్ అన్నీ హ్యాక్ అయిపోయాయని వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ఫార్వర్డులు. నిజానికి ఆ కంపెనీల సర్వర్లను అప్పుడు ఎవరూ పగలగొట్టలేదు. సైబర్‌న్యూస్ పరిశోధకులకు దొరికింది 30 డేటా మూటలు. పాతవీ కొత్తవీ కలిసిపోయినవి, ఒకటే పాస్‌వర్డ్ రెండు మూడు సార్లు లెక్కకొచ్చినవి. కాబట్టి ఆ అంకెను చూసి బెంబేలు పడక్కర్లేదు. పట్టించుకోవాల్సింది ఇంకొకటుంది. ఆ మూటల్లో చాలా భాగం మామూలు జనం కంప్యూటర్ల నుంచే వెళ్లింది. బ్రౌజర్ ‘సేవ్ చేయమంటారా?’ అని అడిగితే మనం ‘సరే’ అని నొక్కిన పాస్‌వర్డ్‌లే అవి.

వీటిని ఎత్తుకెళ్లే వైరస్‌లను ఇన్ఫోస్టీలర్లు అంటారు. వాటిలో పేరుమోసింది లుమ్మా. 2025 మార్చి 16 నుంచి మే 16 దాకా, అంటే రెండే నెలల్లో, ప్రపంచవ్యాప్తంగా 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో అది కనిపించిందని మైక్రోసాఫ్ట్ చెప్పింది. కోర్టు ఉత్తర్వుతో దాని వెబ్ చిరునామాలు 2,300 దాకా మూయించారు కూడా.

ఇది ఇంట్లోకి ఎలా వస్తుంది? చాలాసార్లు మనమే పిలుస్తాం. డబ్బు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌కు ‘క్రాక్’ దించుకోవడం, పిల్లలు గేమ్‌లో గెలవడానికి ‘చీట్’ ఫైలు వేసుకోవడం. ఈమధ్య ఇంకో కొత్త వేషం. ‘మీరు రోబో కాదని నిరూపించండి’ అంటూ విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కి, ఏదో పేస్ట్ చేసి ఎంటర్ కొట్టమంటుంది. ఏ నిజమైన సైటూ అలా అడగదు. అడిగిందంటే ఆ పేజీ మూసేయండి.

లోపలికొచ్చాక దాని పని సులువు. క్రోమ్ పాస్‌వర్డ్‌లను తాళం వేసే దాస్తుంది. కానీ విండోస్‌లో ఆ తాళం మీ లాగిన్‌తో ముడిపడి ఉంటుంది. మీ లాగిన్‌లోనే నడుస్తున్న ప్రోగ్రామ్ అడిగితే, అడిగింది మీరే అనుకుంటుంది కంప్యూటర్. 2024లో గూగుల్ క్రోమ్ 127తో ఇంకో తాళం జోడించింది. కొన్ని నెలల్లోనే దొంగలు దాన్నీ దాటే దారి వెతుక్కున్నారు.

ఇక మన ఇళ్ల సంగతికొద్దాం. ఇంట్లో చదువుకున్న అబ్బాయి ఎప్పుడో ఒక జీమెయిల్ తెరిచి ఉంటాడు. అబ్బా పీఎఫ్, అమ్మీ డిజీలాకర్, చెల్లి స్కాలర్‌షిప్ దరఖాస్తు అన్నీ దాని మీదే. ఇప్పుడు ఆ అబ్బాయి దమ్మామ్‌లో ఉద్యోగం చేస్తున్నాడనుకోండి. రూములో నలుగురూ వాడే ల్యాప్‌టాప్‌లో అదే ఖాతాతో క్రోమ్ తెరిచాడు. పాస్‌వర్డ్‌లన్నీ అక్కడికీ వచ్చేశాయి. రూమ్మేట్ ఆ ల్యాప్‌టాప్‌లో ఏదో క్రాక్ సినిమా ప్లేయర్ వేస్తే, కర్నూలులో ఉన్న చెల్లి స్కాలర్‌షిప్ లాగిన్ పోతుంది. ఆమె ఫోన్‌కు ఏమీ కాలేదు, ఆమె ఏ లింకూ నొక్కలేదు. అయినా పోయింది. నెట్ సెంటర్‌లో ఫారం నింపి, క్రోమ్ నుంచి ఖాతా తీసేయకుండా లేచొచ్చినా ఇంచుమించు ఇదే కథ.

అయితే సేవ్ చేయడమే మానేయాలా? నా అభిప్రాయం, వద్దు. మానేస్తే మనం చేసేది తెలిసిందేగా. అన్నిచోట్లా పిల్లాడి పేరు, పక్కన 123. బ్రౌజర్ ఇంకో మేలు కూడా చేస్తుంది, దీన్ని చాలామంది గమనించరు. అది సైట్ చిరునామా సరిచూసుకున్నాకే పాస్‌వర్డ్ నింపుతుంది. అచ్చం బ్యాంకు పేజీలా కనిపించే దొంగ పేజీలో మన కళ్లు మోసపోతాయి, బ్రౌజర్ మాత్రం ఖాళీగా వదిలేస్తుంది. రోజూ నిండే పెట్టె ఇవాళ నిండలేదంటే అనుమానించండి.

తప్పు సేవ్ చేయడంలో లేదు, గుత్తి అందరికీ ఒకటే కావడంలో ఉంది. ఎవరి జీమెయిల్ వాళ్లకుండాలి. అమ్మీకి టైపింగ్ రాదంటారా, ఖాతా ఆమె ఫోన్‌లో పెట్టి, పక్కన కూర్చుని నేర్పండి. ఆ జీమెయిల్‌కు రెండంచెల భద్రత తప్పనిసరి. నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్‌ను మాత్రం బ్రౌజర్‌కు ఇవ్వకపోవడమే నయం. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో ‘ప్రైమరీ పాస్‌వర్డ్’ పెట్టుకోవచ్చు. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి పాస్‌వర్డ్ మేనేజర్‌లోకి వెళ్తే ‘చెకప్’ ఉంటుంది. లీకైనవీ, రెండు చోట్ల వాడినవీ అదే చూపిస్తుంది. నేను చూసుకుంటే, ఎప్పుడో మూతపడిన షాపింగ్ సైట్ పాస్‌వర్డే నా ఈమెయిల్‌కూ ఉంది. సిగ్గేసింది, మార్చాను.

కంప్యూటర్‌లో వైరస్ పడిందని అనుమానమొస్తే, అదే కంప్యూటర్‌లో కూర్చుని పాస్‌వర్డ్‌లు మార్చొద్దు. కొత్తవీ దొంగకే చేరతాయి. వేరే ఫోన్ నుంచి ముందు జీమెయిల్ మార్చండి. తర్వాత గూగుల్ ఖాతా సెక్యూరిటీలో ‘మీ పరికరాలు’ తెరిచి, గుర్తుపట్టని ప్రతిదాన్నీ సైన్ అవుట్ చేయండి. ఈ రెండో పని వదిలేయకండి. ఇన్ఫోస్టీలర్లు పాస్‌వర్డ్‌తో పాటు, లాగిన్ అయి ఉన్నామని గుర్తుపెట్టుకునే కుకీలనూ ఎత్తుకెళ్తాయి. వాటితో లోపలికి వచ్చేవాడికి ఓటీపీతో పనే ఉండదు. డబ్బు కూడా పోయి ఉంటే ఇవన్నీ తర్వాత, ముందు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బు దొంగ ఖాతా దాటకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ.