జున్ను మనకు, ముర్రు మట్టికా?

ఎవరింట్లోనైనా బర్రె ఈనిందంటే మర్నాటికల్లా వాడకంతా తెలుస్తుంది. పక్కింటికో చెంబెడు, తోబుట్టువు ఇంటికో చెంబెడు ముర్రుపాలు నడిచి వెళ్తాయి. బెల్లం, యాలకులు వేసి వండితే తెలుగిళ్లలో జున్ను, కన్నడిగుల ఇళ్లలో గిణ్ణు, మరాఠీవాళ్ల ఇళ్లలో ఖర్వస్. కర్ణాటకలోని మన బీదరు జిల్లాలో ఈ మూడు మాటలూ తెలియని మనిషి అరుదు. పైగా ఏ రైతూ మొత్తం పిండుకోడు. ముర్రు తాగని దూడ నిలవదని వాడికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

అదే ఇంట్లో కోడలు ప్రసవిస్తే ఈ తెలివంతా ఏమైపోతోంది? పచ్చగా, జిగటగా ఉన్నాయి, ఇవి చెడ్డపాలు అని పిండి పారబోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. బిడ్డ నాలుక మీద తేనె రాసేవాళ్లు, చక్కెర నీళ్లు పట్టేవాళ్లు ఉన్నారు. ఆ పచ్చటి పాలల్లోనే రోగాన్ని ఆపే శక్తి ఉంది, విటమిన్ ఏ ఉంది. దూడకు దక్కుతున్న న్యాయం మన బిడ్డకు దక్కడం లేదని మన దుబల్గుండి ఊరి రచ్చబండ మీద కూర్చుని ఒప్పుకోవడానికి మనకు సిగ్గు అడ్డం రాకూడదు.

ఇది చదువులేని పల్లెల గొడవ, ఆసుపత్రికి పోతే తీరిపోతుంది అనుకుంటే పొరపాటు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే అయ్యాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగినవాళ్లు మాత్రం 41.8 శాతమే. పక్కనున్న తెలంగాణలో 97 శాతం ఆసుపత్రి కాన్పులైనా, గంటలోపు పాలు అందింది 37.1 శాతానికే. అక్కడ వందలో అరవై కాన్పులు సిజేరియన్లు కావడం ఒక కారణం కావచ్చు. కానీ కోత కాన్పైన తల్లి కూడా, మెలకువగా ఉంటే, పక్కన ఒకరు సాయం పట్టుకుంటే గంటలోనే పాలివ్వగలదు. ఆ సాయం పట్టే చేయి డాక్టరుది కాదు, మంచం చుట్టూ నిలబడ్డ మనది.

మంచం చుట్టూ నిలబడి మనం చేసే పని ఇంకొకటి ఉంది. రెండో రోజుకే "దీనికి పాలు పడలేదమ్మా" అంటాం. ఆ మాట బాలింత చెవిన పడగానే సగం పని చెడుతుంది. మొదటి రెండు మూడు రోజులు బిడ్డకు కావలసింది ఒక్కోసారి కొన్ని చెంచాలే, ఆ పొట్ట అంతే. బిడ్డ చీకేకొద్దీ పాలు పడతాయి, చీకనివ్వకపోతే పడవు. మనం డబ్బా తెప్పిస్తాం, బిడ్డ చీకడం మానేస్తుంది, నిజంగానే పాలు తగ్గుతాయి, అప్పుడు "చూశావా, నేను ముందే చెప్పాను" అంటాం. డబ్బా పాలను, పాల సీసాలను జనానికి అంటగట్టే ప్రచారం చేయకూడదని 1992లోనే చట్టం వచ్చింది. పక్కింటి పెద్దమ్మ నోటిప్రచారానికి ఏ చట్టం అడ్డుపడుతుంది? ఎండాకాలంలో పసిగుడ్డుకు దాహమని నీళ్లు పట్టడమూ ఇలాంటిదే. ఆరు నెలల దాకా ఆ దాహం తీర్చేదీ తల్లిపాలే.

ఇక తల్లి కంచం. తెలుగులో బాలింత, కన్నడంలో బాణంతి, మరాఠీలో బాళంతీణ్. పేరు ఏదైనా పథ్యం ఒకటే. పెరుగు చలవ, పండు జలుబు, ఆకుకూర వాతం, నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుంది. మిగిలేది వెల్లుల్లి కారం, కాసింత అన్నం. పెద్దవాళ్లు చెప్పిందంతా తప్పని నేను అనను. తుమ్మజిగురు, ఎండుకొబ్బరి, ఖర్జూరం, బెల్లంతో కన్నడ ఇళ్లలో బాణంతికి కట్టే 'అంటిన ఉండె' ఉంది చూడండి, దాన్ని కనిపెట్టిన అవ్వకు దండం పెట్టాలి. నూనె మర్దన, నలభై రోజుల విశ్రాంతి కూడా ప్రేమతో పుట్టినవే. కానీ పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ మామూలుకంటే రోజుకు దాదాపు 600 కేలరీలు ఎక్కువ కావాలి. కంది, పెసర, మినుము పండే నేల ఇది. ఆ పప్పు బజారుకు వెళ్తుంది, బాలింత కంచంలోకి కారం వస్తుంది.

సర్కారు చేయగలిగింది కొంత చేసింది. కర్ణాటకలో 2017 అక్టోబరు 2 నుంచి మాతృపూర్ణ పథకం కింద గర్భిణికి, బాలింతకు అంగన్‌వాడీలో వేడి భోజనం పెడుతున్నారు: అన్నం, పప్పు, కూరగాయలు, పాలు, గుడ్డు, పల్లీపట్టీ. అక్కడికే వచ్చి తినాలన్నది పద్ధతి. ఇంటికిస్తే పదిమందికి పంచి ఆమెకు మెతుకులు మిగులుస్తారని సర్కారు భయం. భయం నిజమే. కానీ పురుటి మంచం మీద ఉన్న మనిషిని మనం గడప దాటనివ్వం. అటు పళ్లెం కదలదు, ఇటు తల్లి కదలదు.

మొదటి కాన్పు పుట్టింట్లో కాబట్టి ఇంకో చిక్కు. జహీరాబాద్ నుంచి ఇటు వచ్చిన కోడలు కాన్పుకు తెలంగాణలోని అమ్మగారింటికి పోతుంది. గర్భిణికి ఇచ్చే తాయి కార్డు ఇక్కడ, మనిషి అక్కడ. అక్కడి అంగన్‌వాడీలో పేరు రాయించే పని అల్లుడిది కాదూ?

బసవకల్యాణం ఈ జిల్లాలోదే. ఆ కల్యాణంలోని బసవన్న కథను పదమూడో శతాబ్దంలో తెలుగులో చెప్పిన పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో బెజ్జ మహాదేవిని చూపించాడు. శివుడికి తల్లి లేదే అని కుమిలి, తానే తల్లియై ఆయన్ను పసిబిడ్డలా సాకిన మనిషి ఆమె. తల్లిలేని దేవుడి కోసం కన్నీరు పెట్టిన కథ చెప్పుకునే నేల మీద, తల్లి పక్కనే ఉన్న బిడ్డకు పాలు అందకపోతే మనం ఎవరి భక్తులం? దాసోహం అంటే వచ్చినవాడికి పెట్టడమే అయితే, రాలేని బాలింత మాటేమిటి?

ఆశా కార్యకర్త కాన్పైన నలభై రెండు రోజుల్లో ఆరుసార్లు గుమ్మం ఎక్కుతుంది. ఆమె చెప్పేది విందాం. పచ్చిబాలింతకు భోజనం ఇంటికే పంపాలని గ్రామసభలో అడుగుదాం. అడిగింది వచ్చేదాకా ఒక మనిషి కావాలి. మధ్యాహ్నం వడ్డన వేళకు అంగన్‌వాడీకి వెళ్లి, అక్కడివాళ్లను ఒప్పించి, పళ్లెం మీద పళ్లెం బోర్లించి తెచ్చే మనిషి. ఆ బాలింత మొగుడైతే మరీ మంచిది. తెచ్చి వంటింట్లో పెట్టి పోకుండా ఆమె ముందు పెట్టి, తినేదాకా అక్కడే కూర్చోవాలి. ఆమెకొచ్చిన గుడ్డు పక్క పళ్లెంలోకి జారిపోయే ఇళ్లు మనకు తెలియనివి కావు.