రీల్స్ చేసే కుర్రాళ్లు ఎవరిని అడగాలి?

మార్కాపురం, గిద్దలూరు కుర్రాళ్లకు రీల్స్ చేయడం వచ్చు, డబ్బు అడగడమే రావట్లేదు. అడక్కుండానే మెసేజ్ పెట్టి డబ్బిస్తామనేవి ఎక్కువగా బెట్టింగ్ యాప్‌లే. 2025 మార్చిలో హైదరాబాద్‌లో ఇన్‌ఫ్లుయెన్సర్లపై కేసులు పడింది వాటి ప్రచారానికే. అదే ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో ఇలాంటి ప్రచారానికి రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

నిజాయితీ వ్యాపారి తనంతట తాను రాడు. కుర్రాళ్లే వెళ్లాలి. బట్టల షాపు ఓనరుకు లక్ష ఫాలోయర్లతో పనేంటి? చూసేవాళ్లలో మార్కాపురం, కంభం వాళ్లెందరో ఇన్‌సైట్స్ స్క్రీన్‌షాట్ చూపించాలి. ఎన్ని రీల్స్, రేటెంత, డబ్బెప్పుడు అన్నది కనీసం వాట్సాప్‌లోనైనా రాయించుకోవాలి. బిర్యానీ ఫ్రీగా పెట్టించుకున్నా అది ప్రకటనే. 2023 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఆ సంగతి వీడియోలోనే చెప్పాలి. "ఫ్రీగా చెయ్యి, పేరొస్తుంది" అనే ఓనర్లు ఇంకా ఉన్నారు, అది వేరే గొడవ.