నమ్మకానికి ముందు చుట్టరికం

ప్రధాన మతాల అంచున పుట్టి, ఒక గురువు చుట్టూ అల్లుకుని, లోకానికి రానున్న ముప్పు నుంచి తమవారు మాత్రమే గట్టెక్కుతారని బోధించే చిన్న ఆధ్యాత్మిక బృందాల గురించి హేతువాద సాహిత్యంలో సాధారణంగా రెండు వివరణలు కనిపిస్తాయి. వాటిలో చేరేవారు లోకం తెలియని అమాయకులన్నది ఒకటి, గురువు చూపిన మహిమలకు మోసపోయినవారన్నది మరొకటి. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే మనుషులు అటువైపు మొదటి అడుగు ఎందుకు వేస్తారో, వేసినవారు కళ్లెదుట ఘోరాలు జరుగుతున్నా ఎందుకు వెనుదిరగరో ఈ వివరణలతో తేలదు. సిద్ధాంతం నచ్చి మనిషి బృందంలో చేరడం అరుదు. ముందు అక్కడి మనుషులతో చుట్టరికం కుదురుతుంది, ఆ చుట్టరికం నిలవడం కోసం సిద్ధాంతానికి తలూపడం జరుగుతుంది, ఆ తలూపినందుకు చెల్లించుకున్న మూల్యం అతణ్ని ఇక కదలనివ్వదు. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ అనే విషవాయువును వదిలిన ఓం షిన్రిక్యో చరిత్రలో ఈ క్రమం ఆసాంతం కనిపిస్తుంది.

ఆ బృందం 1984లో టోక్యోలోని షిబుయా ప్రాంతంలో ఒక యోగా తరగతిగా మొదలైంది. దాన్ని నడిపిన షోకో అసహారా అసలు పేరు చిజువో మత్సుమోతో. చూపు సరిగా లేని అతడు అంధుల పాఠశాలలో చదువుకుని, ఆక్యుపంక్చర్ వైద్యం చేస్తూ, అనుమతి లేని మందులు అమ్మినందుకు 1982లో శిక్ష పడిన మనిషి. అతడు పద్మాసనంలో గాలిలోకి లేచినట్టున్న ఒక ఫొటో 1985లో అతీత శక్తుల పత్రికలో అచ్చయింది. కాళ్లు ముడుచుకుని ఎగిరి దూకే విద్య సాధన ఉన్న ఎవరికైనా సాధ్యమే, కెమెరా ఆ క్షణాన్ని మాత్రమే పట్టుకుంటుంది. అయితే ఆ ఫొటో పనిచేసింది యువకులను తరగతి గుమ్మం దాకా తేవడానికే. లోపలికి వచ్చినవారిని నిలిపింది వేరే సంగతి. నడుము నొప్పి తగ్గుతుందనో, మనసు కుదుటపడుతుందనో వచ్చిన వ్యక్తిని అక్కడివారు పేరు పెట్టి పలకరించారు, అతడు చెప్పేది ఓపికగా విన్నారు, కంపెనీ కొలువులోనూ కళాశాలలోనూ ఎవరూ అడగని ప్రశ్నలను, అంటే ఈ బతుకు దేనికోసం, చావు తర్వాత ఏమిటి అన్నవాటిని, నవ్వకుండా చర్చించారు. ఆస్తుల ధరలు ఆకాశాన్నంటి, డబ్బే అన్నిటికీ కొలమానమైన 1980ల జపాన్‌లో ఆ ప్రశ్నలకు చోటు దొరకడం చిన్న విషయం కాదు.

చుట్టరికం ముందు, నమ్మకం తర్వాత అన్న మాట ఓం షిన్రిక్యో కన్నా చాలా ముందే పరిశోధనలో తేలింది. అమెరికా పశ్చిమ తీరంలో కొరియా ప్రచారకురాలు ఒకరు నడిపిన యూనిఫికేషన్ చర్చి శాఖను దగ్గరగా గమనించిన జాన్ లోఫ్లండ్, రాడ్నీ స్టార్క్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1965లో వెలువరించిన వ్యాసంలో, చేరినవారిలో చాలామంది ముందు సభ్యులకు స్నేహితులో బంధువులో అయ్యారనీ, బయటి బంధాలు పలచబడినకొద్దీ లోపలి బంధాలు చిక్కబడి చివరకు మతం మారారనీ చూపారు. అదే చర్చిని బ్రిటన్‌లో పరిశీలించిన ఐలీన్ బార్కర్ 1984లో ప్రకటించిన గ్రంథం మరో అపోహను కూడా సరిదిద్దింది. ఆ చర్చి కొత్తవారి కోసం నడిపే శిబిరాల్లో మనుషుల మెదడును పూర్తిగా మార్చివేసే అద్భుత పద్ధతి ఏదో ఉందనీ, దాని పేరే బ్రెయిన్‌వాషింగ్ అనీ అప్పట్లో పత్రికలు గట్టిగా రాశాయి. కాని బార్కర్ లెక్క ప్రకారం ఆ వారాంతపు శిబిరాలకు వెళ్లిన వెయ్యిమందికి పైగా మనుషుల్లో దాదాపు తొంభై శాతం మంది చేరనే లేదు. పద్ధతికి అంత శక్తే ఉంటే ఇంతమంది ఇంటికి తిరిగి వెళ్లేవారు కారు. వచ్చినవారిలో కొద్దిమందికి మాత్రమే ఆ ఆదరణ జీవితంలోని ఒక మలుపు దగ్గర ఎదురవుతుంది, అంటే చదువు ముగిసి ఉద్యోగం మొదలుకాని వేళలోనో, ఆత్మీయులు దూరమైన వేళలోనో. బృందానికి ఆ కొద్దిమందే చాలు. ఈ సంగతి గుర్తిస్తే చేరినవారిని తెలివితక్కువవారని తేల్చిపారేయడం ఎంత అన్యాయమో తెలుస్తుంది.

చేరిన తర్వాతి దశలో ఓం షిన్రిక్యో చేసినదంతా మెట్లు మెట్లుగా జరిగింది. మొదట తరగతి రుసుము, తర్వాత పుస్తకాలు, టేపులు, ఆ తర్వాత దీక్షలు. గురువు తన శక్తిని నేరుగా శిష్యుడిలోకి పంపడమని భారతీయ తాంత్రిక సంప్రదాయం చెప్పే శక్తిపాతం అక్కడ డబ్బుకు దొరికేది. అసహారా రక్తాన్ని తాగించే దీక్ష ఒకటి, అతడు స్నానం చేసిన నీటిని మహిమగల జలంగా అమ్మడం మరొకటి. 1990ల్లో వాడిన ఎలక్ట్రోడ్ల టోపీ వీటన్నిటిలోకీ విచిత్రమైనది. తలకు బిగించిన టోపీ నుంచి వైర్లు వేలాడుతుండగా, గురువు మెదడు తరంగాలు శిష్యుడి మెదడులోకి ప్రవహించి రెండూ ఒకటవుతాయన్న నమ్మకంతో సభ్యులు తింటూ, పనిచేస్తూ కూడా దాన్ని ధరించేవారు. అందులో తర్కం లేదని వారికి తెలియక కాదు, వారిలో భౌతిక శాస్త్రం చదివినవారున్నారు. కాని అప్పటికే పొదుపు సొమ్మునూ, కొన్నేళ్ల కాలాన్నీ ధారపోసిన మనిషికి టోపీ బూటకమని ఒప్పుకోవడమంటే టోపీతో ఆగే పని కాదు, గడిచిన ఏళ్లన్నీ వ్యర్థమని ఒప్పుకోవడమే.

అన్నిటికన్నా పెద్ద మెట్టు సన్యాసం. సన్యసించినవాడు ఉన్న ఆస్తినంతా బృందానికి రాసిచ్చి, తల్లిదండ్రులతో, భార్యాబిడ్డలతో సంబంధం తెంచుకుని, ఫూజీ పర్వతం దిగువన కమికుయిషికి గ్రామంలో సత్యం అనే పేరుకు సంఖ్యలు తగిలించి పిలిచే కర్మాగారాల్లాంటి భవనాల్లో నివసించాలి. ఉడికించిన కూరగాయలతో చప్పిడి తిండి, కొద్ది గంటల నిద్ర, మిగిలిన కాలమంతా పని, గురువు గొంతు వినిపించే టేపులు. పాత పేరు పోయి సంస్కృతమో పాలీయో అయిన కొత్త పేరు వచ్చేది. ఖగోళ భౌతిక శాస్త్రం చదివిన హిదేయో మురాయి మంజుశ్రీమిత్ర అయ్యాడు, హృద్రోగ నిపుణుడైన ఇకువో హయాషి కృష్ణానందుడయ్యాడు. ఇల్లు, బ్యాంకు ఖాతా, పేరు, చుట్టాలు అన్నీ ఒకచోటే ఉన్నప్పుడు ఆ చోటును వదలడమంటే నడివీధిన నిలవడమే. కాబట్టి చాలామంది సభ్యులను పట్టి ఉంచడానికి గొలుసులు అక్కరలేకపోయాయి.

సందేహం మొలకెత్తినా దానికి అక్కడ ముందే సమాధానం సిద్ధంగా ఉండేది. బాధ కలిగితే పాపకర్మ కరుగుతోందన్నారు. గురువు ఇచ్చిన ఆజ్ఞ అర్థరహితంగా తోస్తే అది శిష్యుడి అహంకారాన్ని పరీక్షించే మహాముద్ర అన్నారు. బౌద్ధ తంత్రంలో ఉన్నతమైన ధ్యాన స్థితిని సూచించే ఆ మాట ఇక్కడ గుడ్డి విధేయతకు పరీక్షగా మారిపోయింది. ఇలాంటి ఏర్పాటులో ఏ సంఘటనా సిద్ధాంతాన్ని తప్పని నిరూపించలేదు, ప్రతి వైఫల్యమూ శిష్యుడి వైఫల్యంగానే లెక్కకు వస్తుంది. ఏది జరిగినా తప్పని తేలే వీలులేని మాటలో జ్ఞానం ఉండదన్న హేతువాద సూత్రం ఇంతకన్నా బాగా వర్తించే సందర్భం మరొకటి దొరకదు.

నమ్మకం వాస్తవంతో ఢీకొన్నప్పుడు మనసు పడే ఘర్షణకు లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పెట్టిన పేరును తెలుగులో జ్ఞాన వైరుధ్యం అనవచ్చు. 1954 డిసెంబరు 21న మహాప్రళయం వస్తుందనీ, గ్రహాంతరవాసులు తమను ముందే తీసుకుపోతారనీ ఎదురుచూసిన షికాగో ప్రాంతపు చిన్న బృందంలోకి అతని సహచరులు సభ్యులుగా ప్రవేశించి చూశారు. ప్రళయం రాలేదు. 1956లో వచ్చిన వారి గ్రంథంలో అన్నిటికన్నా విలువైన పరిశీలన ఏమిటంటే, ఆ రాత్రి నాయకురాలి ఇంట్లో కలిసి కూర్చున్నవారు తాము పంచిన వెలుగు వల్లే లోకం బతికిపోయిందని చెప్పుకుని మరింత గట్టిపడగా, ఎక్కడో తమ ఇళ్లలో విడిగా ఉండిపోయినవారిలో చాలామంది నమ్మకం సడలిపోయింది. అందరూ విన్న జోస్యం ఒకటే, అది తప్పిన రోజూ ఒకటే, తేడా పక్కన కూర్చున్న మనుషులది.

ఓం షిన్రిక్యోలో ఈ ఘర్షణ ప్రాణాలు తీసింది. 1988లో సాధన పేరిట చన్నీళ్లలో ముంచిన ఒక శిష్యుడు చనిపోతే ఆ మరణాన్ని దాచారు. ఆ సంగతి తెలిసి, బృందాన్ని విడిచిపోతానన్న మరో యువకుణ్ని 1989 ఫిబ్రవరిలో చంపారు. చనిపోయేవారి చైతన్యాన్ని ఉత్తమ లోకానికి పంపే టిబెటన్ సాధన పేరైన పోవాను అసహారా హత్యకు వాడాడు. పాపం మూటకట్టుకుంటున్న మనిషిని ముందే చంపితే అతనికి మేలు చేసినట్టేనన్నాడు. ఆరేళ్ల తర్వాత కృష్ణానందుడనే హయాషి, ప్రాణాలు నిలపడానికి శిక్షణ పొందిన ఆ చేతులతోనే, న్యూస్‌పేపరులో చుట్టిన సారిన్ సంచిని గొడుగు మొనతో పొడిచి రైలు దిగిపోయాడు. ఆ సంచిని తొలగించిన ఇద్దరు స్టేషను ఉద్యోగులు చనిపోయారు. మొత్తం దాడిలో 13 మంది మరణించగా, వేలమంది గాయపడ్డారు. మంచానికే పరిమితమైన ఒక బాధితురాలు 2020లో కన్నుమూయడంతో మృతుల సంఖ్య 14కు చేరింది. చదువు రక్షణ అన్న నమ్మకాన్ని హయాషి ఉదంతం తర్వాత ఎవరూ నిలబెట్టలేరు.

గోరా స్థాపించిన విజయవాడ నాస్తిక కేంద్రం నిప్పుల మీద నడిచి చూపడం మొదలుకొని, గ్రామాల్లో మహిమల గుట్టు విప్పే ప్రదర్శనల దాకా తెలుగునాట హేతువాదులు చేసిన కృషి చాలా విలువైనది, ఎందుకంటే గుమ్మం దాకా లాక్కొచ్చే ఆకర్షణను అది బలహీనపరుస్తుంది. కాని గుమ్మం దాటినవారి విషయంలో అది సరిపోదు. తాను నమ్ముతున్నది తప్పని వినిపించుకున్న సభ్యుడికి వెనక్కి వెళ్లేందుకు ఒక ఇల్లు, పలకరించే ఒక మనిషి లేకపోతే ఆ వాదన అతణ్ని మరింత లోపలికే తోస్తుంది. బృందాలు దేనికి భయపడతాయో గమనించినా ఈ మాట రుజువవుతుంది. అసహారా రక్తంలో ప్రత్యేకత ఉందని ఒక విశ్వవిద్యాలయం పరీక్షించి తేల్చిందన్న ప్రచారం అబద్ధమని బయటపెట్టి, పిల్లలు ఓం షిన్రిక్యోలో చేరి దూరమైన తల్లిదండ్రులను 1989లో ఒక సంఘంగా కూడగట్టిన న్యాయవాది త్సుత్సుమి సకమోతోను, అతని భార్యను, ఏడాది వయసున్న కొడుకును ఆ ఏడాది నవంబరులో ఇంట్లోనే చంపేశారు. దానికి కొద్ది నెలల ముందే, ఆగస్టులో, ప్రభుత్వం ఆ బృందానికి మత సంస్థగా గుర్తింపు ఇచ్చింది. సకమోతో ఇంట్లో బృందం బిళ్ల దొరికినా పోలీసులు దర్యాప్తులో చూపిన మందకొడితనం క్షమించరానిది. ఆ మృతదేహాలు ఆరేళ్ల దాకా దొరకలేదు.

1995 ఏప్రిల్‌లో కమికుయిషికి నుంచి పోలీసులు యాభైమందికి పైగా పిల్లలను బయటకు తెచ్చారు. పాలిపోయి, వయసుకు తగ్గ ఎదుగుదల లేని వారిలో కొందరి తలల మీద ఆ టోపీలున్నాయి. వారు ఏ సిద్ధాంతాన్నీ ఎంచుకున్నవారు కారు, పెద్దల చుట్టరికం వారికి వారసత్వంగా వచ్చింది. పెద్దల్లో కొందరితో రచయిత హరుకి మురకామి తర్వాత మాట్లాడినప్పుడు, చేరినందుకు పశ్చాత్తాపపడుతున్నారా అన్న ప్రశ్నకు చాలామంది లేదనే చెప్పారు. బయటి సమాజంలో దొరకని స్వచ్ఛమైన లక్ష్యం తమకు అక్కడ దొరికిందన్నారు. అసహారాను, మరో పన్నెండుమందిని 2018 జూలైలో ఉరితీశారు. అయినా 2000లో అలెఫ్ అని పేరు మార్చుకున్న ఆ బృందం ఇంకా సభ్యులను చేర్చుకుంటూనే ఉంది. దానిపై నిఘా ఉంచే జపాన్ ప్రభుత్వ సంస్థ చెబుతున్న ప్రకారం, 1995 నాటి సంగతులు తెలియని యువతను యోగా తరగతులకో, జ్యోతిషం చెప్పించుకోవడానికో పిలిచి, నెలల తరబడి స్నేహం చేసి, ఆ స్నేహం గట్టిపడిందని నిశ్చయించుకున్న తర్వాతే ఆ బృందం తన పేరు చెబుతుంది.