చీర నుంచి ఉంగరం దాకా

దేవకన్య కొలనులో స్నానానికి దిగుతుంది. గట్టు మీద విడిచిన చీరను ఒకడు దాచేస్తాడు. అది లేనిదే ఆమె ఆకాశానికి ఎగరలేదు, అందుకే వాడికి భార్యవుతుంది. ఈ కథ మన ఒక్కళ్ళదే కాదు. జపానువాళ్ళు చీర బదులు ఈకల వస్త్రం అంటారు. స్కాట్లాండు తీరంలో సముద్రపు సీలు చర్మం అంటారు. పేరు ఏదైనా చాలాచోట్ల ముగింపు ఒకటే. దాచిన వస్తువు ఏదో ఒకనాడు ఆమె కంటపడుతుంది, కన్నపిల్లల్ని కూడా వదిలి వెళ్ళిపోతుంది.

తెలుగువాళ్ళం ఈ కథను రెండుసార్లు గొప్పగా తెరమీద చూసుకున్నాం. 1961లో ‘జగదేకవీరుని కథ’, 1990లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’. రెండూ నాకు ప్రాణమే. కాని ప్రేమకథగా చూస్తే రెండోదే ఒక మెట్టు పైన ఉందంటాను. మొదటిదానిలో వీరుడైన రామారావు గారి అభిమానులు నొచ్చుకోకుండా కారణం వినాలి.

మొదటిదానికి మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు మన ఉత్తరాంధ్ర బిడ్డ, రాజాంలో పుట్టినవాడు. దానికి పదేళ్ళ ముందే, 1951లో, ఆయనా దర్శకుడు కె.వి.రెడ్డీ కలిసి ‘పాతాళభైరవి’ తీశారు. కాశీమజిలీ కథలనూ అల్లావుద్దీన్ అద్భుతదీపాన్నీ కలిపి వండినా అది పరాయి సరుకులా అనిపించదు. అల్లావుద్దీన్ దర్జీ కొడుకు, మన రాముడు తోటమాలి కొడుకు. మాంత్రికుడు బలి ఇవ్వడానికి తెచ్చిన కుర్రవాడు ఆ మాంత్రికుణ్ణే బలి ఇచ్చి, కోరికలు తీర్చే విగ్రహం దక్కించుకుంటాడు. తెలిసిన కథే, అయినా ఎక్కడ మలుపు తిప్పాలో ఎరిగినవాళ్ళు చెప్పారు.

‘జగదేకవీరుని కథ’కు ఆధారం 1944లో తమిళంలో వచ్చిన ‘జగతలప్రతాపన్’. ఇక్కడ ప్రతాపుడు దేవకన్యలను పెళ్ళాడాలన్న తన కలను తండ్రికి చెప్పి దేశం నుంచి వెళ్ళగొట్టించుకుంటాడు. దేవకన్య జయంతి చీర కాజేస్తాడు, పెళ్ళాడతాడు. ఆ చీరను ప్రతాపుడి తల్లి దాస్తుంది. నాకు ఈ సినిమాలో ముచ్చటేసేది అదే. స్వర్గానికి దారి తీసే వస్తువు అత్తగారి పెట్టెలో ఉంది! ఇంద్రుడి కూతురైనా సరే, తెలుగింటి కోడలయ్యాక అత్తగారిని మంచి చేసుకోవలసిందే. ఎక్కడో పుట్టిన కథ మన వసారాలోకి వచ్చి కూర్చున్నట్టుంటుంది. కాని ఒక ముల్లు మిగిలిపోతుంది. పెళ్ళికి మొదలు దొంగతనం. జయంతిగా సరోజాదేవి ఎంత ముద్దుగా నవ్వినా, చీర దొరికితే ఈమె ఉంటుందా అన్న అనుమానం వదలదు. చీర చేతికందాక జయంతీ, అతను పెళ్ళాడిన మిగతా దేవకన్యలూ వెళ్ళనే వెళ్తారు. వాళ్ళకోసం వీరుడు స్వర్గం దాకా పోవలసి వస్తుంది.

ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత అశ్వనీదత్ నిర్మాణంలో దర్శకుడు రాఘవేంద్రరావు రెండో సినిమాలో ఈ ముల్లు తీశారు. రాజు టూరిస్టు గైడు, అనాథ పిల్లల్ని సాకుతుంటాడు. కాలు దెబ్బతిన్న పాపకు మూలిక కోసం హిమాలయాలకు వెళ్తాడు. మానససరోవరానికి వచ్చిన దేవకన్య ఇంద్రజ ఉంగరం అక్కడే జారిపోతుంది, అది రాజుకు దొరుకుతుంది. చీర ఉంగరమైంది. అంతకన్నా పెద్ద మార్పు, దొంగిలించడం పోయి దొరకడం వచ్చింది. వాడు వెళ్ళింది ఆడపిల్లను పట్టడానికి కాదు, పసిపిల్ల కాలు బాగు చేయించడానికి. ఆమె ఉంగరం కోసం వచ్చి, ఆ ఇంట్లో పిల్లల మధ్య మసలి, మనసు మార్చుకుంటుంది.

ఆ మారడాన్ని ఇంద్రజగా శ్రీదేవి ఎంత నెమ్మదిగా చూపించిందో గమనించండి. మొదట్లో ఆ కళ్ళలో వింత, కొంచెం చిరాకు. ఈ లోకం ఆమెకు ఇరుకు. పోనుపోను అదే చూపు పిల్లల దగ్గర ఆగుతుంది, తర్వాత రాజు దగ్గర ఆగుతుంది. జంధ్యాల మాటలు అక్కడ తగ్గి ఇళయరాజా సంగీతం అందుకుంటుంది. రాజుగా వేసిన చిరంజీవి అప్పటికే పెద్ద స్టారు, అయినా ఆమె పక్కన తగ్గి నిలబడ్డాడు. ఆ తగ్గడమే రాజు పాత్రకు నిండుదనం తెచ్చింది.

క్రషింగు రోజుల్లో మా చోడవరం దగ్గర గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు లోడు ట్రాక్టర్లు వరస కట్టేవి. ఒక రాత్రి ఆ వరసలో ఇద్దరు డ్రైవర్లు ఒకే ఫోన్లో ఈ సినిమా చూస్తున్నారు. కుర్రవాడన్నాడు: “ఉంగరం ఇచ్చీస్తే ఎలిపోద్ది కదా మావా, ఇచ్చీడేటి?” పెద్దాయన తెర మీంచి చూపు తిప్పకుండా అన్నాడు: “ఎలిపోదురా. మనసిక్కడున్నాక ఉంగరంతో పనేటి?” ముందు బండి కదిలింది. కుర్రవాడు ఫోను ఆయన చేతిలో పెట్టి స్టీరింగు దగ్గరికి పరుగెత్తాడు.

ఈ సినిమా 1990 మే 9న విడుదలైంది. అదే రోజు కోస్తాను పెనుతుఫాను ముంచెత్తింది. చాలా హాళ్ళలో నీళ్ళు నిలిచాయి. తుఫాను వెలిశాక జనం హాళ్ళకు కట్టలు తెంచుకుని వచ్చారు. ఇళ్ళూ పంటలూ పోయిన జనం దేవకన్య కథకు ఎందుకొచ్చారని అడిగేవాళ్ళుంటారు. నా ఉద్దేశంలో వాళ్ళు వచ్చింది దేవకన్య కోసమే కాదు. అమృతం తాగే లోకం వదిలి, గంజి తాగే మనుషుల మధ్య ఒకరు తమంతట తాము ఉండిపోతానంటే, ఆ మాట వినాలని ఎవరికుండదు? మూడున్నర దశాబ్దాల తర్వాత, 2025 మే 9న, త్రీడీ హంగుతో మళ్ళీ హాళ్ళకు వచ్చింది. త్రీడీ నాకు అంత అవసరం అనిపించలేదు. ఛాయాగ్రాహకుడు విన్సెంట్ కెమెరాలో ఉన్న లోతు చాలు.

ఇప్పుడు జానపద సినిమా అంటే ముందు గ్రాఫిక్సు బడ్జెట్ గురించే మాట్లాడుతున్నారు. మధిర సుబ్బన్నదీక్షితులు రాసిన కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలున్నాయి. వాటిలో ఏ కథ ఎత్తుకున్నా సరే, అందులో ఆడపిల్ల ఎందుకు ఉండిపోయిందో, ఎందుకు వెళ్ళిపోయిందో ముందు ఆలోచించే దర్శకుడు కావాలి. వీలైతే ఈసారి కథ కొలను గట్టు నుంచి కాక, నీళ్ళలో నిలబడి చీర కోసం వెతుక్కుంటున్న ఆమె వైపు నుంచి మొదలుపెట్టమని అడుగుతున్నాను.