మడతకత్తికి నడక కావాలా, చప్పుడు కావాలా?



జేబులో పెట్టుకొనే మడతచాకులను గూర్చి ఒక యువమిత్రుడు ఇటీవల సుదీర్ఘంగా వ్రాసినాడు. బొటనవ్రేలితో ఒక్క త్రోపు త్రోయగానే టక్కుమని తెరచుకొనేదే కత్తి అట. రెండు చేతులతో తెరవవలసినది, తెరచిన పిదప తాళం పడనిది ఇనుపతుక్కు అట. మన జాతరలలో దొరికేవన్నీ ఆ తుక్కే అని తీర్మానం. పైగా చేతికి తెలిసే ఇటువంటి సూక్ష్మాలను చెప్పడానికి తెలుగులో మాటలు లేవట! మొదటి మాటలకు నవ్వి ఊరుకొందును గాని, ఈ చివరిదానికి ఊరుకోలేను.

మాటలు లేకనా? గడియారానికి నడక ఉన్నది, మగ్గానికి నడక ఉన్నది, కత్తి మడతకూ నడక ఉన్నది. ఆ మడతలో బిగువు ఉంటుంది, వదులు ఉంటుంది, వదులు ముదిరితే లొడలొడ. అలుగుకు వాదర, మొన, పదును. పిడికి పట్టు, పొన్ను. నిజానికి ఇందులో మనది కానిది ఒక్క 'చాకు' అన్న మాటే. అది పారశీకం నుండి వచ్చినది. అయితే ఆ పారశీకులకు ఉక్కు ఎక్కడిది? కోరుట్ల నుండి మెట్‌పల్లి మీదుగా పడమటికి పోతే నిజామాబాదు జిల్లాలో కోనసముద్రం ఉన్నది. అక్కడ మూసలలో కరగించిన ఉక్కు కోసం ఇస్ఫహాను వర్తకులు వచ్చేవారు. ఆ కొలుములను కన్నులారా చూచిన వాయిసీ అను భూగర్భశాస్త్రజ్ఞుని వ్యాసం 1832లో అచ్చయినది. మాట అటునుండి ఇటు, ఉక్కు ఇటునుండి అటు. అటువంటి చోట నిలిచి మనకు కత్తిని గూర్చి మాట్లాడడం రాదనడం సాహసమే.

ఇక తాళం సంగతి. మన ఊళ్ళలో తరతరాలుగా ఉన్న మడతకత్తి మంగలికత్తి. దానికి స్ప్రింగు లేదు, తాళం లేదు. అలుగు వెనుక తోకవలె సాగిన భాగం మీద వ్రేలు ఆనుతుంది. ఆ వ్రేలే తాళం. మనిషి కంఠం మీద నడిచే కత్తికి అది చాలినప్పుడు మామిడికాయ మీద నడిచే కత్తికి చాలదా? జపానులోని మికి పట్టణపు హిగోనొకామి కూడా ఇదే పద్ధతి; బయటికి వచ్చిన చిన్న మీటను బొటనవ్రేలు అదిమి పట్టుతుంది. దానితోనే అక్కడి బడిపిల్లలు పెన్సిళ్ళు చెక్కుకొన్నారు. 1960లో ఒక రాజకీయ నాయకుని సభావేదిక మీద కత్తితో పొడిచి చంపినారు. దానితో పిల్లల చేతిలో అలుగు ఉండరాదని ఉద్యమం లేచినది. చంపినది పొట్టి ఖడ్గం, శిక్ష పడినది పెన్సిలు చాకుకు! మన బడులలో చాకు పోయి బ్లేడు ముక్క వచ్చినది. పిడి లేని ఆ ముక్క ఎన్ని చిన్నవ్రేళ్ళను కోసినదో పంతుళ్ళందరికీ తెలుసు.

ఫ్రాన్సు దేశపు ఒపినెల్ కత్తికి స్ప్రింగు లేదు. కొయ్యపిడి బిగువే ఆధారం. మెడలో తిరిగే తాళపు ఉంగరం 1955లో వచ్చినది. వానకాలం కొయ్య ఉబ్బి అలుగు కదలదు, అయినా దానిని తుక్కు అన్నవారు లేరు. స్విట్జర్లాండులో ఎల్సెనర్ 1897లో తెచ్చిన అధికారుల చాకుది వెన్నుస్ప్రింగు. గోటితో లాగి తెరవవలసినదే. అదీ రెండు చేతుల పనే గదా! బరువుగా నొక్కి పొడిచే పనికి తాళం మేలు, కాదనను. నా తగవు తాళంతో కాదు, చప్పుడుతో. మనవారికి ఆ చప్పుడు మీద మోజు సినిమాలలో రామపురీ కత్తి వలన అంటినది. అది ఎదుటివానిని బెదరించడానికి పుట్టిన చప్పుడు. బెదరింపును తెచ్చి పనితనానికి కొలబద్ద చేస్తే ఎట్లా?

నడక అంటే ఏమిటో తెలియాలంటే కోరుట్లలో బీడీలు చేసే అమ్మలను అడగవలె. తడిపిన తునికాకు మీద రేకు పెట్టి కత్తెరతో కత్తిరిస్తారు. కూలి వెయ్యి బీడీల లెక్క. కత్తెర చీల బిగువైతే సాయంత్రానికి బొటనవ్రేలు వాస్తుంది. వదులైతే ఆకు తెగదు, రెండు అలుగుల నడుమ నలుగుతుంది. కత్తెరను రెండుసార్లు ఆడించి, "ఇది నడువది బిడ్డా" అని పక్కన పెట్టేవారికన్న మడతచీలను ఎరిగినవారు ఎవరు? సిరిసిల్లలో మరమగ్గం మీద ఒక చేత తెగిన పోగు పట్టుకొన్నవానికి ఒంటిచేతి కత్తి కావాలి గదా అంటారేమో. అతడు చాకు జోలికే పోడు, చిన్న కత్తెర అందుకొంటాడు. ఏ పనికి ఏ పనిముట్టో పనివానికి తెలుసు. తెలియనిది కొని అరలో దాచేవారికే.

జాతర చాకులో దోషాలు లేవా? ఉన్నవి. వేములవాడలో, కొండగట్టులో నేను కొన్నవాటిలో కొన్నిటికి చీల త్వరగా వదులైనది, కొన్నిటి అలుగు పిడిలో నడుమకు పడక ఒక ప్రక్కకు ఒరసుకొన్నది. కాని వదులైన చీలను కమ్మరి దాగలి మీద పెట్టి రెండు దెబ్బలు వేస్తే బిగుస్తుంది. నా బల్ల సొరుగులోని చాకు అట్లా ఎన్నిసార్లు బిగిసినదో! మిత్రుడు మెచ్చిన కత్తికి నక్షత్రాకారపు మరలు. వాటిని విప్పే పనిముట్టు కమ్మరి వద్ద లేదు, కొన్నవాని వద్దా ఉండదు. అది లొడలొడమంటే పారవేయడమో, పార్సెలు కట్టడమో. ఇంతకూ జాతర చాకును తుక్కు అని వ్రాస్తే నష్టపడేది నేను కాను. నాగలికర్రు పని ట్రాక్టరుతో పోయి, కొడవళ్ళ పని కోతయంత్రంతో పోయి, ఈ చిల్లర బిగింపుల మీద కొలిమి రాజవేసుకొనేవాడు ఉన్నాడే, అతడు.

కనుక మిత్రునికి ఒక విన్నపం. వేసవిలో జగిత్యాలకు దయచేయండి. మామిడికాయలు నావి, కత్తి మీది. సొన కారే చేతితో పది కాయలు చెక్కు తీయండి, మడతలోకి సొన దిగిన పిదప అదే ఒక్క వ్రేలి త్రోపుతో మళ్ళీ తెరవండి. నా ప్రక్కన నా జాతర చాకు ఉంటుంది. చూద్దాము.