కాఫీ మెషిన్‌కీ గార పడుతుంది!

మా అమ్మాయి మొదటి జీతంతో కొనిచ్చిన ఎస్ప్రెసో మెషిన్ ఏడాదిన్నర పాటు బుద్ధిగా పనిచేసింది. ఈమధ్యే మొరాయించడం మొదలుపెట్టింది. చప్పుడు చూస్తే బారెడు, కప్పులో పడేది చుక్క చుక్క! ఆ పడిందీ గోరువెచ్చగానే. రిపేరు కుర్రాడు వచ్చి చూసి, 'బాయిలర్ మార్చాలండీ' అన్నాడు. అతను చెప్పిన లెక్క వింటే కొత్తది కొనడమే నయమనిపించింది. పిల్ల కానుక పారేయడానికి మనసొప్పక మాన్యువల్ తీశాను. జబ్బేమిటో అందులోనే ఉంది... గార!

మాది బోరు నీరు. అందులో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడి తగిలితే గట్టిపడి తెల్లటి పొరగా అంటుకుంటాయి. నీళ్లు కాచే గిన్నె అడుగున కనిపించేది అదే. గిన్నెనైతే తోముతాం. మెషిన్ లోపలి సన్నటి గొట్టాలను తోమేదెవరు? తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. బోరు నీటిలో చాలాచోట్ల అంతకంటే ఎక్కువే ఉంటుంది.

వదిలించడం ఎలాగంటారా? వారంటీ ఉంటే కంపెనీ చెప్పిన పౌడరే వాడండి. లేదంటే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్ చాలు. లీటరు నీటికి 20 గ్రాములు కలపాలి. కాఫీ పొడి వేసే హ్యాండిల్‌నీ, ట్యాంకులో ఫిల్టరు ఉంటే దాన్నీ తీసేసి, ఈ నీటిని సగం వదలండి. ఆవిరి గొట్టం నుంచీ కాస్త పోనివ్వండి. మెషిన్ ఆపేసి 20 నిమిషాలయ్యాక మిగతాదీ వదలండి. తర్వాత రెండు ట్యాంకుల మంచినీళ్లతో కడగాలి.

వెనిగర్ జోలికి మాత్రం వెళ్లకండి. వాసన ఓ పట్టాన వదలదు, రబ్బరు వాషర్లూ పాడవుతాయి. లోపల అల్యూమినియం భాగాలుంటే యాసిడ్ దాన్నీ తినేస్తుంది. అందుకే ముందు మాన్యువల్ చూడాలి.

మొదటిసారి చేస్తే సగమే బాగైంది. మర్నాడు మళ్లీ చేశాను. ధార కట్టింది! ఇప్పుడు మా కేలండర్లో గ్యాస్ బుక్ చేసిన తేదీ పక్కనే, మూడు నెలలకోసారి 'గార' అని రాసి ఉంటుంది.